అరవై దాటిన చిన్న చెల్లి

ముందుగా ఒక మన్నింపు అడగాలి. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపడితే మీరే లేపి నిలబెట్టి చదువుకోండి. చేతివేగం కూడా అంతంతమాత్రమే. ఈ కథలో మనుషులు ఒక గది నుంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే నా కలం వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు పాపం. వాళ్ళు ఏమీ అనుకోలేదు. మీరూ అనుకోకండి.

*

ఆ వీధిలో అందరూ ఆమెను కాలరు అనే పిలిచేవారు. మగవాళ్ళ చొక్కాలు కుట్టే దర్జీ. ఆమె కోసిన కాలరు మెడ మీద ఉందో లేదో తెలియకుండా నిలబడుతుందని ఆ పేరు వచ్చింది. అరవై ఏళ్ళ పైచిలుకు లోకం ఆమెను మగవాడనే అనుకుంది. ఆమె ఔననలేదు, కాదనలేదు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చుంది. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ ప్రశ్నలడగరు కదా. చివరికి ఒకరోజు సూదులు తీసి పక్కన పెట్టి, ఆసుపత్రికి వెళ్ళి, ఆడ హార్మోన్లు మొదలుపెట్టింది. పొట్ట మీద అంటించుకునే పల్చటి పట్టీలు. ఈ వయసులో మింగే మాత్రకంటే అదే క్షేమమన్నారు డాక్టరుగారు.

ఇంట్లో ఉన్న రెండో మనిషికి ఈ సంగతి చెప్పలేదు. ఆ రెండో మనిషి వదిన. చనిపోయిన అన్నగారి భార్య. కింద షాపు, మేడ మీద ఇల్లు. కాలరు కోస్తుంది, కుడుతుంది. వదిన కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది, ఇస్త్రీ చేస్తుంది. వదిన దగ్గర రెండు కత్తెరలున్నాయి. ఒకటి చేతిలో, ఒకటి నోట్లో.

ఆ వదినకో చెల్లెలుంది. "ఒంటిదానివి అక్కడెందుకే, మా ఇంటికి వచ్చెయ్యి" అని ఎన్నో ఏళ్ళుగా పిలుస్తోంది. పిలిచిన ప్రతిసారీ వదినది ఒకటే జవాబు. "నేనొస్తే మా మరిదికి గుండీలెవరు కుడతారే?"

కాలరు భయమంతా అక్కడే ఉంది. మరిదన్నవాడే లేడని తేలితే ఇక ఆ సాకు కూడా ఉండదు. వదిన పెట్టె సర్దుకుంటుంది. మేడ మీద దీపం ఉండదు, కింద తిట్లు ఉండవు. తిట్లు లేని ఇంట్లో ఎలా ఉండాలో కాలరుకు అలవాటు లేదు.

అందుకని తనలో తానే ఒక ఒప్పందం చేసుకుంది. ఒంట్లో మార్పు టేపు మీద కనబడితే ధైర్యం చేసి వదినకు చెప్పాలి. కనబడకపోతే పట్టీలు మానేసి, గుట్టు గుట్టుగానే ఉంచెయ్యాలి.

షాపుకు సోమవారం సెలవు. మందుకు ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత ప్రతి సోమవారం ట్రయలు గది తెర వెనకాల నిలబడి ఛాతీ కొలుచుకునేది. టేపు అన్నగారిది. ఆయన పోయాక దాన్ని మెళ్ళోంచి తియ్యలేదు. ఆ టేపుతోనే అన్న ఎప్పుడో ఆమెకో కోటు కోశాడు. అప్పటి కొలత ముప్పై ఎనిమిది. ఇప్పుడూ ముప్పై ఎనిమిదే. పట్టీలు మొదలెట్టి ఏడాది దాటింది, అయినా ముప్పై ఎనిమిదే. పోనీ చొక్కాలైనా బిగుతయ్యాయా అంటే, అవీ ఎప్పటిలాగే సుఖంగా ఉన్నాయి.

"మార్పు వస్తోందమ్మా, ఈ వయసులో కాస్త నిదానం" అనేవారు డాక్టరుగారు. చర్మం నునుపెక్కింది. కాలరు దాన్ని సబ్బు గొప్పతనం అనుకుంది. బాబిన్‌లో దారం చిక్కుపడితే చాలు, కళ్ళనీళ్ళు తిరిగేవి. ఇస్త్రీ పొగ అనుకుంది. ఛాతీ మీద ముట్టుకుంటే నొప్పి. కోతబల్ల అంచు తగిలిందనుకుంది. డాక్టరు చదివినవి చదివి ఉండొచ్చు. దర్జీకి మాత్రం టేపు చెప్పిందే వేదం.

ఆసుపత్రి బల్ల మీద ఆమెకు ఇద్దరు తోడు దొరికారు. మొదటి రోజే పక్కనున్న పిల్ల వంగి అడిగింది.

"ఎప్పుడు మొదలెట్టావు?"

"ఇవాళే" అంది కాలరు.

"అయితే నువ్వు మాకు చెల్లివి."

ఆ పిల్లకు నిండా ఇరవై రెండు లేవు. క్షౌరశాలలో జుట్లకు రంగులేసే పని. గలగలమంటూ ఉంటుందని అందరూ పిట్ట అంటారు. పందొమ్మిదో ఏట మొదలుపెట్టింది. ఆ బల్ల మీద వరస పుట్టిన ఏడాదిని బట్టి కాదట, మందు మొదలెట్టిన రోజును బట్టట. ఆ లెక్కన పిట్ట పెద్దక్క. అటుపక్కన కూర్చున్న నలభై నాలుగేళ్ళ బస్సు డ్రైవరు నడిపక్క. నెరిసిన తల కాలరు చిన్న చెల్లి.

"అక్కని 'నువ్వు' అనొచ్చా, 'మీరు' అనాలా?" అని అడిగింది కాలరు.

"చెప్పిన మాట వింటే 'నువ్వు' అను. వినకపోతే 'మీరు'" అంది పిట్ట.

డ్రైవరక్క నవ్వాపుకోలేక బల్ల మీద చరిచింది. "నా సంగతి వినండి. మా అమ్మాయికి పదమూడు. ఇంట్లో ఇద్దరం ఒకేసారి పెద్దమనుషులమవుతున్నాం. అది తలుపు ధడేల్మని వేస్తుంది, నేను ఇంకో తలుపు వేస్తాను. దానికి మొటిమొస్తే నాకేడుపు, నాకేడుపొస్తే దానికి నవ్వు. మా ఆవిడ మాత్రం మధ్యలో కుర్చీ వేసుకుని, 'ముందు ఎవరు ఎదుగుతారో చెప్పండి, నేను వాళ్ళతో మాట్లాడతాను' అంటోంది."

"నాకు త్వరగానే వచ్చేశాయి అన్నీ" అంది పిట్ట, గొంతు కాస్త తగ్గించి. "కానీ అమ్మ మాట్లాడ్డం మానేసింది. నీకా బాధ లేదు చెల్లీ. ఈ వయసులో నిన్ను తిట్టేవాళ్ళెవరుంటారు?"

"వదినుంది."

పిట్ట ఒక్క క్షణం ఆలోచించింది. "అమ్మో. అయితే నీదే కష్టం."

పిట్ట అప్పుడప్పుడూ షాపుకు వచ్చి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకసారి వదిన మెట్ల మీంచి చూసింది.

"ఎవరా పిల్ల?"

"లైనింగు గుడ్డ కంపెనీ, వదినా."

"ఓహో. లైనింగు కంపెనీవాళ్ళు నిన్ను చెల్లీ అంటారేం?"

"నన్నెందుకంటుంది? ఫోనులో వాళ్ళ చెల్లితో మాట్లాడుతోంది."

"ఫోను నీ జేబులో పెట్టి మాట్లాడుతోందా?"

కాలరు గబుక్కున నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. వదిన పెదవి బిగించి మేడెక్కిపోయింది. తర్వాత ఇస్త్రీ చేస్తూ చేస్తూ, ఏ సందర్భం లేకుండా, "లైనింగు గుడ్డ శాంపిల్సు తెమ్మను. నాకు ఎరుపు ఇష్టం" అని కేకేసింది. ఆ రాత్రి కాలరుకు నిద్రపట్టలేదు. ఈ వయసులో మరిది ఇరవై ఏళ్ళ పిల్లతో తిరుగుతున్నాడనుకుంటోంది కాబోలు! నిజం చెబితే వెళ్ళిపోతుంది, చెప్పకపోతే కూడా వెళ్ళిపోయేలా ఉంది.

ఇంకో సోమవారం వచ్చింది. ముప్పై ఎనిమిది. ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, కాలరు వెళ్ళలేదు. వదిన కూరగాయలకు వెళ్ళింది కదా అని తలుపు జారేసి, తెర వెనకాల స్టూలు మీద కూలబడింది. పిట్ట వెతుక్కుంటూ వచ్చేసింది.

"ఏం చెల్లీ, మందు రోజున ఎగ్గొడతావా?"

"ఇక మందొద్దక్కా. మానేస్తున్నాను. మీది లేతమట్టి, ఎలా మలిస్తే అలా వచ్చింది. నాది కాలిపోయిన కుండ. చూడు, ఇంచి కూడా కదల్లేదు."

"మొదటి రోజు కొలిచినప్పుడు ఎంతుంది?"

"మొదటి రోజు కొలవలేదు."

"ఏంటీ?"

"నా కొలత నాకు తెలియదా? దర్జీని! అన్న కోసిన కోటు కొలత గుర్తుందిగా."

పిట్ట నోరు తెరిచింది. అయితే ఆ తెరిచిన నోట్లోంచి మాట రాకముందే మెట్ల వైపు నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"మీ అన్న ఆ కోటు కోసింది నేను కాపురానికొచ్చిన కొత్తలో."

కూరగాయల సంచీతో వదిన! ఎప్పుడొచ్చిందో, ఎంత విందో దేవుడికే తెలియాలి. సంచీ కింద పెట్టి తెర తీసేసింది. కాలరు చేతిలోని టేపు లాక్కుని వెలుతురులో పట్టి చూసింది.

"ఇంకా దీంతోనే కొలుస్తున్నావా? గుడ్డ టేపు సాగుతుంది, ఏటేటా మార్చాలని ఊళ్ళో పనివాళ్ళందరికీ పాఠాలు చెబుతావే! మీ అన్న దీన్ని పట్టుకు లాగీ లాగీ, తర్వాత నువ్వు లాగీ లాగీ, ఇది జానెడు పెరిగింది. దీంతో కొలిస్తే ఏనుక్కి కూడా ముప్పై ఎనిమిదే వస్తుంది." కొంగున చెయ్యి తుడుచుకుని, తన కుట్టుపెట్టెలోంచి కొత్త టేపు తీసింది. "లే. చేతులెత్తు."

"వదినా, అది కాదు, నేను..."

"చేతులెత్తమన్నానా!"

కాలరు చేతులెత్తింది. పోలీసులకు దొరికిన దొంగ కూడా అంత బుద్ధిగా ఎత్తడు. వదిన టేపు చుట్టి, కళ్ళు చికిలించి, వీధి చివరిదాకా వినబడేలా చదివింది.

"నలభై! పైన చిల్లర!"

"మెల్లగా వదినా!"

"నలభై పైన చిల్లరకి మెల్లగా ఏంటి?"

పిట్ట గంతేసింది. కాలరు మాత్రం ఎత్తిన చేతులు దించలేదు. ఆనందపడాల్సిన అంకె వచ్చింది, దాని వెనకే ఒప్పందం కూడా వచ్చింది. ఇక చెప్పాలి. చెబితే పెట్టె.

"మరి... చొక్కాలెందుకు బిగుతవలేదు?" అంది, ఏదో ఒకటి అనాలని.

"నీ చొక్కాలకి గుండీలెవరు కుడతారు?"

"నువ్వే."

"రెండో గుండీ దగ్గర గుడ్డ లాక్కుపోతుంటే ముందు చూసిందెవరు? నువ్వా? ఊరందరి ఛాతీలూ చూస్తావు, నీది చూసుకోవు. గుండీలు అంచుకి జరిపాను. అంచు అయిపోయింది. పక్క కుట్లు విప్పి వదులు చేశాను. లోపల దాచిన గుడ్డ కూడా అయిపోయింది. ప్రతి చొక్కాకీ చేశాను. ఇక విప్పడానికి మిగిలింది నీ నోరొక్కటే. అదేమో సూదులేసుక్కూర్చుంటావు."

ఒక వంకాయ సంచీలోంచి దొర్లి మిషను కిందకు పోయింది.

"తెలిసి కూడా ఎందుకడగలేదు?"

"అడిగితే అబద్ధం చెబుతావు. కాకపోతే నీ అబద్ధాలు బాగుంటాయి. లైనింగు కంపెనీ!" వదిన పిట్ట వైపు తిరిగింది. "ఎర్ర గుడ్డ ఏదమ్మా? ఇన్నాళ్ళైంది."

పిట్ట ఖాళీ చేతులు వెనక్కి దాచుకుంది.

కాలరు మళ్ళీ స్టూలు మీద కూలబడి, నేల చూస్తూ అడిగింది. "మీ చెల్లెలు పిలిస్తే ఇప్పుడేం చెబుతావు? మరిదికి గుండీలెవరు కుడతారనేదానివి. ఆ సాకు పోయిందిగా."

ఇదన్నమాట ఇన్నాళ్ళూ ఆ మనిషిని తింటున్న పురుగు! వదినకు అప్పుడర్థమైంది. ఆమె కూడా ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. కొంచెం సేపు కొత్త టేపును వేలికి చుట్టింది, విప్పింది.

"నా పెళ్ళప్పుడు మా వాళ్ళందరూ కుళ్ళుకున్నారు తెలుసా? ఆడపడుచుల్లేని ఇల్లు, అదృష్టజాతకురాలు అని. ఆ అదృష్టం ఇన్నేళ్ళు అనుభవించాను. చప్పగా ఉంది. మా చెల్లెలు పిలిస్తే, మా ఆడపడుచుని వదిలి ఎక్కడికొస్తానే అంటాను. అది మరిదికంటే గట్టి సాకు." అని ఆగి, కొంటెగా చూసింది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. నిండు మొగుడు పోయాడు. సగమైనా తిరిగొచ్చిందనుకుంటాను. అలాగని పెత్తనం చేశావో, గుండీలన్నీ వెనక్కి జరిపేస్తాను, ఊపిరాడదు."

కాలరు ఏడ్చింది. ఈసారి ఇస్త్రీపెట్టె చల్లగానే ఉంది కాబట్టి పొగ అనడానికి లేదు.

అప్పటికి పిట్ట తేరుకుంది. "ఆగండాగండి. తను నాకు చెల్లి. నేను పెద్దక్కని. తన వదినంటే నాకూ వదినేగా?"

"అయితే?"

"అయితే నేను నీకు పెద్దాడపడుచుని. దాహమేస్తోంది, మంచినీళ్ళు తెచ్చిపెట్టు వదినా!"

వదిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను పైనుంచి కిందకు చూసింది. "ఒక్కతే అనుకుంటే వెనకాల దండే ఉందే! ఇంకెంతమంది ఉన్నారు?"

"నడిపామె బస్సు తోలుతుంది" అంది కాలరు, ముక్కు తుడుచుకుంటూ.

"అయితే బస్సులో తీసుకెళ్ళమనండి ఇద్దర్నీ. ముందు ఆసుపత్రికి. పొండి, పొండి. తప్పిన మందు తెచ్చుకోండి. వచ్చేసరికి నీళ్ళేం ఖర్మ, టీ పెడతాను."

తర్వాతి వారం కాలరు జీవితంలో మొదటిసారి తన కోసం ఆడ చొక్కా కోసింది. ఛాతీ దగ్గర ఒంపు కోసం మడత కుట్లు, అవే డాట్లు, వేసింది. వేలమందికి కుట్టిన చెయ్యి, నాలుగుసార్లు విప్పి కుట్టింది. గుండీలు వదిన కుట్టింది, ఆడవాళ్ళ చొక్కాలకుండేటట్టు రెండో వైపున. వేసుకుని కాలరు అద్దం ముందు నిలబడింది. డాట్లు కుదిరాయి, మెడ మీది కాలరు సంగతి చెప్పనే అక్కర్లేదు. గుండీలు పెట్టుకోబోతే మాత్రం వేళ్ళు తడబడ్డాయి. అరవై ఏళ్ళ అలవాటు అటు లాగుతోంది, కాజాలు ఇటున్నాయి.

"కాస్త పెట్టు వదినా."

వదిన ఇస్త్రీ దగ్గర్నుంచి కదల్లేదు. కాజాల పని అయ్యాక నల్లగుడ్డ మీద సుద్దముక్కతో తనకు అ ఆలు దిద్దించింది ఇప్పుడు తడబడుతున్న ఈ చేతులే. తప్పు రాస్తే తుడిచేసి, మళ్ళీ రాయమనేవి.

"పెట్టను. నాకు నువ్వు చెప్పిన మాటే నీకూ చెబుతున్నాను. మెల్లగా వస్తుంది. నువ్వే పెట్టుకో."

పై గుండీ తప్పు కాజాలో పడింది. కాలరు నాలుక బయటపెట్టి, దాన్ని తీసి, మళ్ళీ మొదలుపెట్టింది.

*

రాసింది: గుండీల వదిన. వయసు అరవై ఆరు. ప్రస్తుతం చొక్కాల షాపు మేడ మీద, ఒక ఆడపడుచుతోనూ, రోజు విడిచి రోజు వచ్చి టీ అడిగే మరో ఇద్దరితోనూ ఉంటున్నాను.