పక్క కుట్లు

"పాసులు రెండే ఇచ్చారు. మా అక్కను తీసుకెళ్తాలే, నీకు మెట్లెక్కడం కష్టం," అన్నారు ఆయన, తన కొత్త చొక్కా గుడ్డ నా మిషను మీద పెడుతూ. "ఆదివారానికి కుట్టెయ్."

మెట్లు వట్టి సాకు. నలుగురిలో నా పక్కన నిలబడటం ఆయనకు నామోషీ. ఆదివారం కాలేజీలో పట్టా తీసుకునేది మా అమ్మాయి. "ముందు వరసలో కూర్చోమ్మా, నాకు కనపడాలి," అని ఫోనులో మరీ మరీ చెప్పింది. అందుకే పొద్దుటి నుంచి నా నీలం డ్రెస్సు పక్క కుట్లు విప్పుతున్నాను.

ఇది నాలుగోసారి. పాత కుట్లున్నచోట సూది గుర్తులు వరసగా కనిపిస్తున్నాయి. మొదటి వరస అమ్మాయి పుట్టినప్పటిది. "ఇద్దరి తిండి తినాలి," అని కొసరి కొసరి పెట్టిన అత్తగారే, ఆర్నెల్లు తిరక్కుండా "తగ్గేదెప్పుడమ్మా?" అన్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను మాత్రం దుకాణం వాళ్ల బట్టలు రోజుకు పది గంటలు కూర్చుని కుట్టి పెరిగాను. తర్వాత అత్తగారు మంచాన పడ్డారు. రెండేళ్లు కంటినిండా నిద్ర లేదు. మెలకువ కోసం తియ్యటి టీ, చేతికందిన బిస్కెట్లు. ఆవిడ పోయాక పడుకున్నా నిద్ర రాలేదు. డాక్టరు మాత్రలు రాస్తూ, "వీటితో కాస్త ఒళ్లొస్తుంది," అని ముందే చెప్పింది. ఆ మాట వినడానికి ఆయన గదిలో లేరు, బయట ఫోను మాట్లాడుతున్నారు. "నోరు కట్టుకుంటే ఇంత ఒళ్లొచ్చేదా?" అని మాత్రం ఇప్పటికీ అంటారు.

చివరి వరస అమ్మాయి హాస్టలుకు వెళ్లాకది. ఆయన టీవీ ముందు తిని లేస్తారు. గిన్నెలో మిగిలింది నేను వంటింట్లో నిలబడి తింటాను. ఆకలయ్యి కాదు. నోట్లో ఏదో ఒకటి ఉంటే ఎవరో తోడున్నట్టు ఉంటుంది. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలని ఉంటుంది, కానీ ఈ ఇంట్లో నన్ను అడిగేవాళ్లు లేరు.

ఈసారి వదులు చేయడానికి లోపల గుడ్డ మిగల్లేదు. పక్కకొక పట్టీ అతకాలి. బీరువా అంతా వెతికినా నీలం ముక్క దొరకలేదు. చివరికి మిషను మీదున్న చొక్కా గుడ్డ చూశాను. అదీ నీలమే.

ఆయన నడుము కొలత కూడా రెండేళ్లలో నాలుగంగుళాలు పెరిగింది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆయన నొచ్చుకోకూడదని నేనే చెప్పాపెట్టకుండా ప్రతి చొక్కా వదులు చేస్తూ వస్తున్నాను.

బీరువాలో ఆయన పెట్టిన పాసుల్లో ఒకటి తీసి నా సంచిలో పెట్టుకున్నాను. రెండోది ఎవరిదో అక్కాతమ్ముళ్లు తేల్చుకుంటారు. గుడ్డ పరిచి, ముందు నాకు కావలసిన రెండు పట్టీలు కత్తిరించాను. మిగిలినదాంట్లో ఆయన చొక్కా పాత కొలతకే వస్తుంది. బిగుతైతే నోరు కట్టుకుంటారు.