నలుగురు కట్టయ్యలు

రఘునాథపల్లి స్టేషన్ దాటాక, సిగ్నల్ దగ్గర, గ్యాంగు పనివాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి పొద్దున్నే హాజరు పిలిచేవాడు గ్యాంగు మేస్త్రీ ఖాజా మొహినుద్దీన్. పేరు పిలుస్తూ ఒక్కొక్కరి చేతికి ఒక గడ్డపార అందించడం ఆయన పద్ధతి. "యాకయ్య" అంటే ఒక "హాజర్" వినిపించేది. "మొండయ్య" అంటే ఒకటి, అదీ బీడీ పొగలోంచి. "కట్టయ్య" అంటే మాత్రం నాలుగు వినిపించేవి. ఖాజా ఒక్క గడ్డపార ఇచ్చి, మిగతా ముగ్గురి వైపు చేయెత్తి సలాం చేసి, తర్వాతి పేరుకు పోయేవాడు.

డెబ్భై ఆరులో బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఈ తంతు చూసి, "ఒక్క పోస్టుల నలుగురేందయ్యా?" అని నిలదీశాడు.

"జీతం ఒక్కనికే సాబ్," అన్నాడు ఖాజా.

అలాగైతే సర్కారుకు నష్టం లేదు కదా అనుకుని ఇన్‌స్పెక్టర్ ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ మిగతా ముగ్గురిలో పెద్ద కట్టయ్య రాజుల కాలం వాడు. ఊరి చెరువుకు కట్ట పోస్తున్నప్పుడు గండి పడితే, మట్టి తెచ్చే వ్యవధి లేక తానే అడ్డంగా పడుకున్నాడు. కట్ట చివర పసుపు పూసిన రాయి ఆయనదే. ఎప్పుడొచ్చినా ఛాతీ దాకా బురద ఉంటుంది, నిలబడ్డ చోట నీళ్లు కారుతాయి. రెండో కట్టయ్య నిజాం రైలు వేసిన కాలం వాడు. వానకు రైలు కట్ట కొట్టుకుపోతే, వచ్చే ఇంజనుకు ఎదురుగా ఎర్ర రుమాలు ఊపుతూ పరుగెత్తాడు. బండి ఆగింది. కాకపోతే ఆయనను దాటాక ఆగింది. మూడో కట్టయ్య మొన్నమొన్నటి వాడు. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు జనమంతా జొన్నచేలలోకి తప్పించుకునేదాకా ఒంటరిగా బురుజు మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి, చివరికి తూటా తిన్నాడు. ఆ వడిసెల ఇప్పటికీ ఆయన భుజం మీదే ఉంటుంది. ముగ్గురి మీదా పాటలున్నాయి. ఊళ్లో నాట్లు వేసినా, బతుకమ్మ ఆడినా వాళ్ల పేర్లే. ముగ్గురిలో ఏ ఒక్కరికీ తల నెరవలేదు.

పేరు పిలిస్తే వాళ్లు వస్తారు. పనేమీ చేయరు, ఏమీ అడగరు, నిలబడతారు. ఊళ్లో వాళ్లు పక్క నుంచి దారి చేసుకుని నడుస్తారు.

నాలుగో కట్టయ్య మీద పాట లేదు. పట్టాల కింద కంకర ఎగదోసేవాడి మీద ఎవరు కడతారు? కానీ ఇవాళ కాకపోతే రేపు కట్టాల్సి వస్తుందని ఊరందరికీ తెలుసు. "నీకోసం ఒక చరణం జాగ ఇడిసిపెట్టినం," అని భజన గుంపు వాళ్లు అతని మొహం మీదే అనేవాళ్లు. అతను మర్యాదగా తల ఊపేవాడు. కొత్త చెప్పులు కొనుక్కునేవాడు కాదు. కప్పు కురిస్తే కింద గిన్నె పెట్టేవాడే గానీ పెంకు మార్చేవాడు కాదు. "జర పెంకలేయిస్తే ఏమైతది?" అని భార్య సమ్మమ్మ అడిగితే, "ఎన్నొద్దులకు?" అనేవాడు. ఆ మాటలో కోపమూ లేదు, బాధా లేదు.

సమ్మమ్మ తొర్రూరు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. పెళ్లినాడే సంగతి తెలిసింది. మొదటి ఏడు భయపడింది, రెండో ఏడు ఏడ్చింది. ఆ తర్వాత, ఒక కాలు మీదే చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, అలా మనసుకు ఎక్కింది. అన్నం వండేది, బట్టలు ఉతికేది, అతను ఇంటికొస్తే సరే, రాకపోయినా సరే అన్నట్టు ఉండేది. ఒకసారి మసిలే గంజి చేతి మీద ఒలికితే పొక్కులు లేచేదాకా ఆమెకు తెలియలేదు.

ఆ చేయి చూపించుకోవడానికి వరంగల్ దవాఖానకు వెళ్లినప్పుడు, చీటీ రాసే అతను మొగుడి పేరు అడిగాడు. మొగుడి పేరు ఆడది పలకకూడదు, పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుంది. అసలే ఈమె మొగుడికి ఉన్నది తక్కువ. అందుకే సమ్మమ్మ ఆ పేరే కాదు, దాని పక్కనుండే మాటలు కూడా పలికేది కాదు. పొయ్యిలో పెట్టే కట్టెలు ఆమె నోట్లో 'పుల్లలు'. చెరువు కట్ట 'ఒడ్డు'.

"చెరువు కాడుంటది," అంది.

"నీళ్లా?"

"కాదు. గట్టిగుంటది."

"తూమా?"

వెనకాల వరుసలో వాళ్లు తోస్తున్నారు. సమ్మమ్మ ఊరుకుంది. చీటీ మీద మొగుడు తూమయ్య అయ్యాడు. ఆ పేరుతోనే మందు రాయించుకుని ఇంటికొచ్చింది.

అదే ఇంట్లో అత్త మొగిలమ్మ సంగతి వేరు. బురుజు మీద చనిపోయిన మూడో కట్టయ్య ఆమె మొగుడు. ఆయన పోయేనాటికి కొడుకు కడుపులో ఉన్నాడు. పుట్టాక వాడికి తండ్రి పేరే పెట్టారు. కొడుకు పేరుగా పిలిస్తే తప్పు లేదని పెద్దమనుషులు సెలవిచ్చారు. అప్పటినుంచి మొగిలమ్మ పొద్దుగూకే వేళ గడపలో కూర్చుని "కట్టయ్యా" అని పిలిచేది. కొడుకు వచ్చేవాడు, వాడి వెనక మిగతావాళ్లూ వచ్చేవాళ్లు. ఆమె కొడుకు భుజం మీదుగా వెనక్కి చూసేది. వడిసెల వేసుకున్న మనిషి అక్కడ నిలబడి ఉండేవాడు, పాతికేళ్ల వాడు. చూడటం అయ్యాక, "ఏం లేదు బిడ్డా, పో," అనేది కొడుకుతో.

ఎనభై మూడులో ముసురు పట్టి వదల్లేదు. చెరువు నిండి మత్తడి దూకింది. ఆ రోజు పట్టాల పని ఆపేశారు. మధ్యాహ్నం కట్టయ్య ఇంట్లో పుంటికూరతో అన్నం తింటున్నాడు. చెరువు కాపలా కాసే నీరటి పోశయ్య వానలో వాడ వెంట ఉరుకుతూ అరిచాడు.

"కట్టయ్యా! కట్టయ్యా!"

కట్టయ్య ముద్ద పళ్లెంలో పెట్టేసి చేయి కడుక్కున్నాడు. గడప అవతల ముగ్గురూ వచ్చి నిలబడి ఉన్నారు.

"పిలుస్తాండ్రు. పోతాన," అన్నాడు.

"గొంగడి తీస్కపో," అంది సమ్మమ్మ.

నలుగురూ వెళ్లారు. సమ్మమ్మ సగం తిన్న పళ్లెం మీద ఇంకో పళ్లెం మూత పెట్టింది. ఎవరికోసం పెడుతున్నానని ఆలోచించలేదు, చేయి పెట్టింది అంతే. మొగిలమ్మ వాన వైపు చూస్తూ కూర్చుంది. వాడలో జనం మూటలూ మేకలూ పిల్లలతో స్టేషన్ దిబ్బ మీదికి పోతున్నారు. వాళ్ల వెనక పోశయ్య తిరిగొస్తూ కనిపిస్తే సమ్మమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఎందుకు పిలిచినవ్ పోశన్నా మా ఆయినను?"

"నేనెక్కడ పిలిచిన చెల్లె?" పోశయ్య రొప్పుతున్నాడు. "కట్ట తెగుతాందని సర్పంచు కిషన్ రావు అయ్యకు చెప్ప పోయిన. 'కట్ట, అయ్యా! కట్ట, అయ్యా!' అన్న. దాన్ని ఆపుడు ఎవలతోని కాదు, ఊరు ఖాళీ చేసుడే అన్నడు సర్పంచు. మీరు గూడ నడువున్రి."

సమ్మమ్మకు ఆ మాట చెవిలో పడింది గానీ మనసులోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. కట్ట. అయ్యా. అతన్ని ఎవరూ పిలవలేదు.

ఆమె చెరువు వైపు పరుగెత్తింది.

కట్ట మీద ఒకచోట నీళ్లు బొటనవేలంత ధారగా మొదలై, ఆమె వెళ్లేసరికి కుండంత అయ్యాయి. పెద్ద కట్టయ్య అలవాటైన మనిషిలా అప్పటికే బురదలో అడ్డంగా పడుకున్నాడు. రెండో అతను రుమాలు నడుముకు బిగిస్తున్నాడు. మూడో అతను వడిసెల పక్కన పెట్టాడు. ఆమె మొగుడు పంచె ఎగగట్టి వాళ్ల పక్కన చోటు చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా!" అని అరిచింది. "ఓ అయ్యా! ఇగో, ఇటు!"

అతను తిరగలేదు. ఇన్నేళ్లుగా అదే పిలుపు. వంటింట్లో గిన్నె చప్పుడు ఎంతో అతనికి అదీ అంతే.

వెనక మొగిలమ్మ రొప్పుతూ వచ్చింది. కోడలి భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"అత్తా, ఎవలు పిలువలేదట. కట్ట అన్నడట, అయ్యా అన్నడట." తన నోట కట్ట అనే మాట వచ్చిందని సమ్మమ్మ గమనించనే లేదు.

మొగిలమ్మ కింద నిలబడ్డ పాతికేళ్ల మొగుణ్ణి చూసింది.

"ఆనాడు గూడ గంతేనే," అంది. "తుపాకులోల్లు చెరువు దిక్కు నుంచి అచ్చిన్రు. 'కట్ట మీదున్నరయ్యా' అని ఎవలో ఒర్రిన్రు. ఈయన లేచిండు. నాకు పేరు నోట్లెకొచ్చింది సమ్మా. ఆయుష్షు తక్కువైతదని మింగిన. నువ్వు మింగకు."

సమ్మమ్మ నోరు తెరిచింది. పదిహేనేళ్లుగా పలకని మాట అది, నాలుక దాన్ని వెతుక్కుంది.

"కట్టయ్యా!" అంది. తర్వాత ఇంకా గట్టిగా, "కట్టయ్యా! ఇంటికి రా!"

నలుగురూ తిరిగి చూశారు. ఆ పేరుతో వాళ్లను ఊరు పిలిచింది, సర్కారు పిలిచింది, పాటలు పిలిచాయి. ఇంటికి రమ్మని మాత్రం ఎవరూ పిలిచి ఉండలేదు. పెద్ద కట్టయ్య బురదలోంచి మోచేతుల మీద లేచాడు. రెండో అతను ఆయనకు చేయి అందించాడు. నలుగురూ ఒకరి వెనక ఒకరు ఒడ్డెక్కి వచ్చారు. చివరి కాలు ఇవతలికి పడ్డాక వాళ్ల వెనక కట్ట తెగింది.

నీళ్లు పొలాల మీదుగా పోయి రైలు కట్టను కోసేశాయి. పట్టాలు బట్టలారేసే దండెంలా గాలిలో వేలాడాయి. అప్పటికే ఖాజా ఎర్ర జెండా పట్టుకుని కాజీపేట బండిని స్టేషన్లోనే ఆపేశాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. పోశయ్య బర్రె ఒకటి పోయింది. పొలాలన్నీ ఇసుక మేట వేశాయి, కట్టయ్య చెలక కూడా.

వాళ్ల ఇల్లు దిబ్బ వాలులో ఉంది కాబట్టి నీళ్లు అంత దాకా రాలేదు. సమ్మమ్మ నాలుగు పళ్లేలు పెట్టింది. అంతవరకూ వాకిట్లో నిలబడటం తప్ప లోపలికి రాని ముగ్గురూ ఆ రోజు లోపలికొచ్చి కూర్చున్నారు. పుంటికూర వేసుకుని తిన్నారు. పెద్దాయన రెండోసారి అన్నం అడిగాడు. తిన్నాక చేతులు కడుక్కుని, తువ్వాలకు తుడుచుకుని, వాకిట్లోకి నడిచారు. మూడో అతను గడప దగ్గర ఆగితే మొగిలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగి చెంబు ఆమె చేతికే ఇచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం పొయ్యి మీది గిన్నె దించుతుంటే సమ్మమ్మ వేళ్లు కాలాయి. "అవ్వా!" అని గిన్నె వదిలేసి కింద కూర్చుంది. వేళ్ల మంట తగ్గాక కూడా ఏడుపు ఆగలేదు. తిమ్మిరి వదిలేటప్పుడు చీమలు పాకినట్టు ఒళ్లంతా పాకింది. అతను చనిపోయేవాడు కదా అని అప్పుడు భయం వేసింది. పక్కన కూర్చుని ఏమైందని అడుగుతున్న మొగుణ్ణి పట్టుకుని వణికింది.

పట్టాలు బాగు చేసే పని మొదలైన రోజు ఖాజా "కట్టయ్య" అని పిలిచాడు. ఒక్క "హాజర్" వినిపించింది. సలాం కోసం ఎత్తిన చేయి ఆయన మెల్లగా దించుకున్నాడు. "ఒక్కనివేనా?" అన్నాడు.

"ఒక్కన్నే ఖాజా భాయ్."

ఊళ్లో రెండు పంటలు పోయాయి. కట్టయ్య బతికుండగా కట్ట తెగిందేమిటని కొందరు మొహం తిప్పుకున్నారు. భజన గుంపు వాళ్లు ఇంకో చరణం కోసం ఉంచిన చోటు తీసేసి పాట ముగించేశారు. సమ్మమ్మ కట్టెలను కట్టెలనే అనడం మొదలుపెట్టింది. కట్టయ్య ఎవరూ అడగకుండానే పెంకులు తెచ్చి కప్పు నేశాడు.

మొగిలమ్మ మాత్రం పొద్దుగూకితే అలవాటు కొద్దీ పిలిచేది. కొడుకు ఒక్కడే వచ్చేవాడు. ఆమె వాడి భుజం మీదుగా చూసేది, అక్కడ చింతచెట్టూ దారీ ఉండేవి.

"అత్తా, నా వల్లనే గద," అంది సమ్మమ్మ ఒకరోజు.

"నీ వల్లనే," అంది మొగిలమ్మ. "ముప్పైయైదేండ్లు నేను పిలిచి నిలవెట్టిన. చూసుకున్న, పంపిన. ఒక్కనాడన్న కూసోమనలే. నువ్వు ఇంటికి రమ్మన్నవు, బువ్వ తిని పోయిండు." పిలిస్తే వచ్చి నిలబడ్డ కొడుకును చూసింది, ఈసారి మొహంలోకి. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. ఆ మొహం అలా మారితే ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసి ఉండలేదు. "కూసో బిడ్డా," అంది.

ఎనభై తొమ్మిదిలో కట్టయ్యకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. సమ్మమ్మ వరంగల్ దవాఖానకు తీసుకెళ్లి, అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, చీటీ రాయించడానికి వరుసలో నిలబడింది. ఈసారి రాసేది ఎవరో కుర్ర అతను, మల్లికార్జున్ అని జేబు మీద రాసుంది.

"పేషెంటు పేరు?"

"కట్టయ్య."

అతను తలెత్తాడు. "ఏ ఊరమ్మా? రఘునాథపల్లి దిక్కేనా? మా నాయినమ్మ పాట పాడేది, గా పాటల కట్టయ్యా?"

సమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. బల్ల మీద నెరిసిన తలతో ఒక మనిషి మోకాళ్లు రెండు చేతులతో రుద్దుకుంటూ, పక్కవాడితో నొప్పుల గురించి చెప్పుకుంటున్నాడు.

"కాదు కొడుకా," అంది. "పాటల లేనోడు."