‘ష్’ టేపు

ఆ టేపును ఎంతమంది దొంగచాటుగా కాపీ చేసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. ఆ రాక్ బృందం అధికారికంగా వేసిన రికార్డులన్నీ ఒక ఎత్తు, ఎవడో జనంలో నిలబడి గుట్టుగా పట్టుకొచ్చిన ఈ కచేరీ ఒక్కటీ ఒక ఎత్తు అంటారు అభిమానులు. అందులో ఒక నెమ్మదైన పాట ఉంది. గిటారు ఒక్కటే సన్నగా మోగుతుండగా ఒక ఆడగొంతు ఏదో గొణుగుతుంది. వెంటనే ఒక మగగొంతు "ష్!" అంటుంది. ఆ మీదట డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఆ ‘ష్’ లేకపోతే పాటకు ప్రాణమే లేదని పెద్దపెద్దవాళ్ళు తేల్చారు. బనియన్ల మీద అచ్చేసుకున్నారు. తర్వాతి కచేరీల్లో పాట అక్కడికి రాగానే జనమంతా గొంతు చించుకుని "ష్!" అని అరిచేవారు. నోరు మూసుకోమని చెప్పడానికి అంత గోల లోకంలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

ఆ టేపు పట్టి, అందులో ‘ష్’ అన్న మహానుభావుడు ఇప్పుడు దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్న రేడియో మెకానిక్కు. అభిమానులు ఆయనకు స్థితప్రజ్ఞుడని బిరుదిచ్చారు. మామూలుగా దొంగ రికార్డింగుల్లో శబ్దం అటూ ఇటూ ఊగుతుంది. మైకు పట్టుకున్నవాడు ఊపొచ్చి గెంతుతాడు మరి. ఈ టేపులో మాత్రం శబ్దం గుంజకు కట్టేసినట్టు మొదటినుంచి చివరిదాకా కదలదు. అంత హోరులో అంత నిగ్రహమా అని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టేవారు. ఆయన వినయంగా నవ్వి ఊరుకునేవాడు.

అసలు సంగతేమిటంటే, మైకు ఆయన చేతిలో లేదు. భార్య కొప్పులో ఉంది. గేటు దగ్గర సంచులు తడిమేవాళ్ళు, జేబులు తడిమేవాళ్ళు, ఆడవాళ్ళ జుట్టు జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు. కొత్తగా పెళ్ళయిన రోజులు, ఒత్తయిన జుట్టు. మధ్యాహ్నమంతా ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, మైకును కొప్పులో ఇమిడ్చి, వైరును శాలువా కిందుగా ఆమె నడుముకు కట్టిన రికార్డరుకు కలిపాడు. "తల కదిపావంటే కొంప మునిగినట్టే" అన్నాడు. ఆమె కదపలేదు. దోమలు కుడుతున్నా మెడ బిగబట్టి కచేరీ అంతా నిలబడింది. బిరుదేమో ఆమె వెనక నిలబడ్డవాడికి వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది.

టేపు పట్టేవాళ్ళకు కొన్ని నియమాలున్నాయి. చప్పట్లు కొట్టకూడదు, దగ్గకూడదు, పక్కవాళ్ళను పలకనివ్వకూడదు. చెవులు వేదికకే అప్పగించాలి. ఆయన అప్పగించేశాడు. అందుకే జానెడు దూరంలో ఉన్న పెళ్ళాం ఏదో అంటే, ఏమందో వినకుండానే కసిరాడు. మైకు ఆమె తలకు వెనకవైపు ఉండటంతో ఆమె మాట గొణుగుడులా పడింది, ఆయన ‘ష్’ మాత్రం గంట కొట్టినట్టు పడింది.

ఇంటికొచ్చాకైనా అడిగాడా అంటే, లేదు. టేపు వినే హడావిడి. అడగాలని తోచేసరికి ఏళ్ళు గడిచిపోయాయి, ఆ గొణుగుడు మీద అభిమానుల మధ్య యుద్ధాలు కూడా జరిగిపోయాయి. చావు కబురని ఒకడు, శాపమని ఇంకొకడు.

"ఇంతకీ ఏమన్నావే ఆ రోజు?" అని అడిగేవాడు.

"ఏమోనండీ, గుర్తులేదు" అనేది ఆమె, కూరగాయలు తరుగుతూ. గుర్తులేదనే ముందు కత్తి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడమే ఆయన్ని తినేసేది. వదిలేసి పుట్టింటికి పోతానందా? వయసు పైబడేకొద్దీ ఆయనకు గిటారూ అక్కర్లేకపోయింది, డ్రమ్ములూ అక్కర్లేకపోయాయి. ఆ గొణుగుడులో ఏముందో తెలిస్తే చాలు.

చివరికి ఒక రికార్డు కంపెనీ ఆ టేపును శుభ్రం చేసి అధికారికంగా వేస్తానంది. ఒకప్పుడు ఆయన్ని దొంగ అన్న కంపెనీయే ఇప్పుడు పూలగుత్తి పంపింది. ఆయన స్టూడియోకు వెళ్ళాడు. అభిమాన సంఘం పెద్ద కూడా వెంటవచ్చాడు. వృత్తికి పళ్ళ డాక్టరు, జనం పిలిచేది టేపుల డాక్టరని. స్టూడియో ఇంజనీరు మీటలు నొక్కి గిటారును తీసేశాడు, జనం రొదను తీసేశాడు. గదిలో ఒక పడుచు గొంతు స్పష్టంగా పలికింది.

"ఏమండీ, ఆ రేవు పట్నం ఉద్యోగం నాకే వచ్చిందండీ! పటాలు గీసేది! రేపు మధ్యాహ్నంలోగా చెప్పాలట. చేరతానని చెప్పెయ్యనా?"

"ష్!"

టేపుల డాక్టరు మొహం గాలి తీసిన బుడగలా అయిపోయింది. "ఇంతేనా? ఉద్యోగమా? ఇది బయటికొస్తే పాట పరువేం కానండీ! గొణుగుడు గొణుగుడుగానే ఉంచెయ్యండి."

"కావాలంటే ఆవిడ గొంతు మొత్తం తీసేస్తాను" అన్నాడు ఇంజనీరు.

"తీసేసినా పర్లేదు. ‘ష్’ మాత్రం ముట్టుకోకండి. ప్రాణమంతా అందులోనే ఉంది!"

మెకానిక్కు ఆ ముక్కను తన ఫోనులో వేయించుకుని ఇంటికి వచ్చేశాడు.

భార్య, పక్కింటి పిల్ల గౌనుకు పాత కాగితం మీద నమూనా గీస్తోంది. స్కేలు లేకపోయినా గీత తిన్నగా పడుతోంది.

"విన్నాను" అన్నాడు. "రేవు పట్నం సంగతి."

"ఓహో, చేరిందన్నమాట కబురు."

"మళ్ళీ ఎందుకు చెప్పలేదే? నేను వద్దనేవాణ్ణా?"

"వద్దనేవారు కాదు. నీ ఇష్టం అనేసి మళ్ళీ టేపు వినేవారు. ఆ మధ్యాహ్నం కొప్పు చుడుతున్నప్పుడు చెప్పబోతే మీ నోటినిండా పిన్నులు. కచేరీలో చెప్తే కసిరారు. తెల్లారి లేపి మళ్ళీ చెప్పాలంటే, అడుక్కున్నట్టనిపించింది. మెడ కూడా పట్టేసింది లెండి. గడువు దాటిపోయింది. నా తర్వాతి అమ్మాయి చేరింది. మొన్నామధ్యే పెద్ద హోదాలో రిటైరైంది. పేపర్లో ఫోటో కూడా వేశారు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయిందే" అన్నాడు. ఆ మాట తన చెవికే చవగ్గా వినిపించింది.

"ఏదీ, పెట్టండి" అందామె. ఆ టేపును ఆమె ఇంతవరకు విననేలేదు. ఆయన ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఆమె పెన్సిలు పట్టుకునే విన్నది. ఇంకోసారి పెట్టించుకుంది. కళ్ళు తుడుచుకుంది, అంతలోనే నవ్వొచ్చేసింది.

"ఇన్నాళ్ళూ నేనేదో భయపడుతూ, నసుగుతూ చెప్పాననుకున్నానండీ. అందుకే మీకు చిరాకేసిందిలే, తప్పు నాదేలే అని సరిపెట్టుకున్నాను. కాదు చూడండి. ఎంత సంబరంగా చెప్తోందో, పిచ్చిది!"

ఆయన మళ్ళీ పెట్టాడు.

"మీది రాకముందే ఆపేయండి" అంది. "నాదొక్కటే వింటాను."

ఆయన ఆమె పక్కన కూర్చుని, ఆమె చాలనేవరకు, అక్కడిదాకా వినిపించి ఆపుతూ ఉండిపోయాడు.