ఆయన ఫోన్‌కొచ్చే నంబరు

"ఏవండీ, నంబరొచ్చిందా?"

పొద్దున్నే ఆఫీసు కుర్చీలో కూర్చోగానే తాళాలమ్మ చేసే మొదటి పని భర్తకు ఫోన్ చేయడం. తాళాలమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆసుపత్రికొచ్చే రోగుల వివరాలన్నీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచిపెట్టే చోట, ఉంటాయి. వాటిని ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో తేల్చే పెద్ద తాళం ఆమెది. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కు ఆరంకెల నంబరొస్తుంది. అది వచ్చేది ఆయన ఫోన్‌కు. ఆరేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు ఫారం ఆయనే నింపాడు. "నీ ఫోన్ ఏ డబ్బాల వెనకో పడుంటుంది, నాదే రాస్తున్నా" అన్నాడు. ఎంత శ్రద్ధో అని అప్పుడామె మురిసిపోయింది.

"ఏడు, నాలుగు... ఆగు, నా నీలం చొక్కా ఏదీ?"

"ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించానండీ. తర్వాతి అంకె?"

"ఇదేం ఇస్త్రీయే, కాలర్ చూడు!"

ఈలోగా గడువు తీరి నంబరు చెల్లకుండా పోతుంది. పక్క సీటాయన నవ్వుతాడు. "ఏం మేడం, ఇవాళ సార్ తాళం తియ్యనిచ్చారా?"

వేరే ఆసుపత్రి రికార్డులు ఎవరో దొంగిలించారని తెలిసి, మన క్లౌడ్‌ను గట్టి చెయ్యమని పైవాళ్ళు ఆమెకు అప్పగించారు. మూడు వారాలు తలెత్తలేదు. మానేసినవాళ్ళ ఖాతాలు మూసింది. పోయినేడాది చనిపోయిన నర్సు ఖాతా ఇంకా తెరిచే ఉంది. అది మూసేముందు ఆ నర్సు పేరు ఇంకోసారి చదువుకుంది. చివరికి నియమాలు రాసింది. మూడోది ఇది: ఎవరి నంబరు బయటివాళ్ళ ఫోన్‌కు వెళ్తుందో వాళ్ళకు పెద్ద తాళం ఉండకూడదు. రాశాకే తెలిసింది, అది ముందు తనకే తగులుతుందని.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగింది. "నంబరు నా ఫోన్‌కు మార్చుకుంటానండీ. ఈ ఒక్కసారి మీకొచ్చింది చెబితే చాలు. బయటివాళ్ళ ఫోన్‌కు వెళ్ళకూడదట." తనే రాసిన నియమానికి 'అట' తగిలించిందని అన్నాక గానీ తెలియలేదు.

"కట్టుకున్నవాడు బయటివాడా?" అంది పక్కనే కూరలు తరుగుతున్న అత్తయ్య.

"నాకు తెలీకుండా ఏ తలుపులు తీస్తావేంటి?" అని నవ్వాడాయన. తర్వాత నవ్వు ఆపేశాడు. "చెప్పను. ఏం చేసుకుంటావో చేసుకో."

అలాంటి రెండో తాళం ఆఫీసులో మేనేజరు దగ్గరుంది. మర్నాడు వెళ్ళి అడిగింది. "మార్చగలనమ్మా. కానీ కారణం రాయాలి. ఆరేళ్ళు ఇంటాయన ఫోన్‌కెళ్ళిందని రాస్తే నిన్నా సీట్లో ఉంచుతారా? ఆ మూడోది కొట్టెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికీ తెలియదు. కానీ ఆ తాళం వెనక ఎంతమంది ఆడవాళ్ళు! 'ఇంటికి ఫోన్ చేయవద్దు' అని ఎర్రగా రాసిన రికార్డులు ఆమెకు తెలుసు. మొగుళ్ళకు తెలియకుండా వచ్చినవాళ్ళు. ఆరేళ్ళుగా వాళ్ళందరి తలుపూ ఒక మొగుడి జేబులోంచే తెరుచుకుంది.

ఆమె మూడోది కొట్టెయ్యలేదు. తీసెయ్యాల్సిన ఖాతాల జాబితాలో ఆఖరున తన పేరు చేర్చి పైకి పంపింది.

పెద్ద తాళం పక్క సీటాయనకిచ్చారు. ఆమెను రోగులకు చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మొదటిరోజు పొద్దున్నే భర్తే ఫోన్ చేశాడు.

"ఇవాళ నంబరు రాలేదేంటే?"

"ఇక రాదండీ."

"పోనీలే, నాకో పని తప్పింది. నీలం చొక్కా ఏదీ?"

"తలుపు వెనకేనండీ."

కిటికీ అవతల ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వంగింది. "మావారికి తెలీదుగా అమ్మా?"

"తెలీదమ్మా" అంది. ఆరేళ్ళలో మొదటిసారి, ఆ మాట నిజం.