మొగులు అన్న పిల్ల

తెలుగు బడిలో పంతులమ్మ ఉద్యోగం నాకే ఇచ్చారని, బొంబాయి దగ్గర కనేరిలోని మా గది గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పారు కనుకయ్య గారు. ఆయన బడి కమిటీ పెద్ద. మాకు పెళ్లయి నలభై రోజులు. మా ఆయన నర్సింగ్ అప్పుడే సాంచాల మీంచి, మరమగ్గాల పని ముగించుకుని వచ్చాడు. కనురెప్పల మీద దూది నూగుతో అతను నవ్వుతుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది నాకు. కనుకయ్య గారు నా చేతిలో జిలేబీ పొట్లం పెట్టి, నన్నెందుకు ఎంచుకున్నారో కూడా చెప్పారు.

"ఆ సాక్షి పొల్ల మొగులంటె, హిందీ అని ఆపినవు చూడు, గక్కడ్నే ఖాయం జేసినం. మా పోరగాండ్ల నోళ్లు గట్లనే కడగాలె బిడ్డా."

పోయిన వారం పరీక్షగా నాచేత పాఠం చెప్పించారు. గంటసేపు పిల్లల మాటల్లోంచి హిందీ, మరాఠీ ఏరుతూనే ఉన్నాను. కిటికీలోంచి చూసి సాక్షి "మొగులైంది టీచర్" అంది. అదే చేత్తో దాన్నీ ఏరేశాను. 'మేఘాలు కమ్ముకున్నాయి' అని మూడుసార్లు అనిపించాను. ఆ తర్వాత ఆ పిల్ల నోరు విప్పలేదు.

రేపు మొదటి పాఠానికి తానూ వచ్చి కూర్చుంటానని చెప్పి కనుకయ్య గారు వెళ్లిపోయారు. రొట్టెలు కాలుస్తున్న మా అత్తమ్మ పెంటవ్వ అప్పుడు అడిగింది.

"మా అవ్వ సుత మొగులనే అంటుండె. గామె గోదారి దాటలే, బొంబాయి జూడలే. గామెకు హిందీ ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

మా పుట్టింట్లోనూ మొగులైందనే అనేవారు. కాలేజీలో అదేం తెలుగని నవ్వితే నేనే మానేశాను. పెట్టెలోంచి నిఘంటువు తీశాను. మొగులు అంటే మేఘమే. పక్కన అంచులో పెన్సిలుతో, 'తమిళంలో ముకిల్, కన్నడంలో ముగిల్, అక్కచెల్లెళ్లు' అని ఉంది. అది నా చేతిరాతే. పరీక్ష కోసం రాసుకుని, మార్కులు వచ్చాక మరిచిపోయాను.

అయితే తన తల్లిది పుస్తకంలో ఉన్న తెలుగే అన్నమాట అని నర్సింగ్ నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు.

"నాకు జెప్తె ఏమొస్తది? ఆ పొల్లకు జెప్పు."

చెప్పాలంటే కనుకయ్య గారి ముందే చెప్పాలి. ఏ తప్పు చూసి ఉద్యోగం ఇచ్చారో, ఆ తప్పే ఒప్పుకోవాలి. ఉద్యోగం నిలుస్తుందా అని నర్సింగ్ మెల్లగా అడిగాడు. తెలియదన్నాను. జిలేబీ ఎవరమూ ముట్టలేదు.

రేపు మొదటి గంటలోనే సాక్షిని బోర్డు దగ్గరికి పిలిచి, మొగులు అని ఆమె చేతే రాయిస్తానని, తప్పు నాదని అందరి ముందూ చెబుతానని ఇద్దరికీ చెప్పి, నిఘంటువును బడి సంచిలో పెట్టుకున్నాను.