గేటు రంగుతో రాసిన పేరు

“ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా నెర్, ఆ ఫోటోల కింద పేర్లు కూడా నువ్వే అతికించెయ్,” అన్నాడు భర్త డెస్, మీటింగు ముగించి టోపీ నెత్తిన పెట్టుకుంటూ.

అప్పటికి నెరిడా చేతులు మోచేతుల దాకా సబ్బు నీళ్ళలో ఉన్నాయి. కమిటీలోని మగవాళ్ళు తాగి బల్ల మీద వదిలేసిన టీ కప్పులు కడుగుతోంది. కప్పులు కడుగుతున్న మనిషి ఖాళీగా ఎలా ఉంటుందో పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్కసారి కూడా అర్థం కాలేదు. అత్తగారు బతికున్న రోజుల్లో ఆవిడదీ ఇదే మాట. గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వచ్చిన పనివాళ్ళకి పొద్దుటినుంచీ వండి వార్చి, కాసేపు వెనక మెట్ల మీద కూలబడితే చాలు, “ఖాళీగా కూర్చుంటే నడుం పట్టేస్తుందమ్మాయ్, ఆ బఠాణీలు వొలువు” అనేది. కెర్స్‌లేక్ ఇంట్లో మగవాడు కూర్చుంటే ఆలోచిస్తున్నట్టు లెక్క, ఆడది కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టు లెక్క.

వాళ్ళ ఊరు మిర్రబూలాకి రైళ్ళు రావడం మానేసి చాలా కాలమైంది. ఆ పాత స్టేషన్‌లోనే ఊరి చరిత్ర సంఘం నడుస్తోంది. దానికి డెస్ అధ్యక్షుడు. అధ్యక్షుడి భార్యకు పదవి లేదు కానీ తాళంచెవి ఉంది. చచ్చిపోయినవాళ్ళ అటకల మీంచి అట్టపెట్టెల్లో వచ్చే ఫోటోలూ, పత్రికల ముక్కలూ ముందు ఆమె చేతిలోకే వస్తాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, కాగితం తినే పురుగులు పట్టకుండా పల్చటి కాగితాల్లో చుట్టి, ఏది ఎప్పటిదో ఎవరిదో చూసి వరసలో పెట్టేది ఆమె. పేరొచ్చేది డెస్‌కి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. డెస్ సభల్లో చదివే ఉపన్యాసాలు కూడా ఆమె టైపు చేసి ఇచ్చేవే. వేదిక ఎక్కేదాకా ఆయన వాటిని విప్పి చూడడు. అందులో తప్పులుండవని ఆయనకు అంత నమ్మకం.

శనివారం నాడు టౌన్ హాల్లో ఆస్పత్రి తొంభై ఏళ్ళ పండుగ. గోడ పొడుగునా పాత ఫోటోలు పెడుతున్నారు. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆస్పత్రికి పునాదిరాయి వేసిన రోజుది, రెండోది మూడేళ్ళ తర్వాత తలుపులు తెరిచిన రోజుది. రెండిట్లోనూ డెస్ తాత ఆల్ఫ్రెడ్ మీసం సవరించుకుని నిలబడి ఉంటాడు, పక్కన ఒక స్త్రీ. రెండిటికీ అప్పటి పత్రిక ముక్క జతగా ఉంది, రెండిట్లోనూ ఒకటే మాట: మిసెస్ ఎ. కెర్స్‌లేక్. ఆ రోజుల్లో పత్రికలో ఆడవాళ్ళకు సొంత పేర్లు ఉండేవి కావు. ఆ ‘ఎ’ కూడా ఆమెది కాదు, ఆల్ఫ్రెడ్‌ది. ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగేసి, కేకులు అమ్మి, పునాది వేయించి, చివరికి తన చేత్తోనే రిబ్బను కత్తిరించిన మహాతల్లి తమ నానమ్మేనని డెస్ చిన్నప్పటినుంచీ చెప్పుకుంటూనే ఉన్నాడు. ఊరు కూడా వింటూనే ఉంది.

కప్పులు తుడిచి పెట్టి, ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పరిచి, కింద అతికించాల్సిన చీటీలు తీసుకుంది నెరిడా. జిగురు పూయబోతూ ఆగిపోయింది. మొదటి ఫోటోలో ఆమె తాపీని ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ పట్టులో మొహమాటం లేదు, రోజూ ఆ చేత్తోనే పని చేసుకునే మనిషి పట్టు అది. రెండో ఫోటోలో కత్తెర కుడిచేతిలో ఉంది. మొదటి ఫోటోలో ఆమె భుజం ఆల్ఫ్రెడ్ భుజానికి సమంగా ఉంది, రెండోదాంట్లో ఆమె టోపీ కూడా ఆయన గడ్డం దాకా రాలేదు. కెర్స్‌లేక్ కోడళ్ళు పెళ్ళయ్యాక కుంచించుకుపోవడం నెరిడాకి తెలియనిదేమీ కాదు గానీ, మరీ మూడేళ్ళలో జానెడు తగ్గడం ఎక్కడా చూడలేదు.

మర్నాడు మేవిస్ దగ్గరికి వెళ్ళింది. తొంభై నాలుగేళ్ళ మేవిస్ ఇప్పుడు అదే ఆస్పత్రి వెనక వృద్ధుల వార్డులో ఉంటోంది. ఆమె తల్లిదండ్రుల పొలానికీ ఆల్ఫ్రెడ్ పొలానికీ మధ్య ఒకటే కంచె. నెరిడా ఫోటోలు రెండూ ఒళ్ళో పెట్టగానే, ముసలామె అద్దాలు కూడా వెతుక్కోలేదు.

“ఇద్దరు కదే పిల్లా, ఒకరెలా అవుతారు?” అంది. “ఈ పొడుగామె విన్నీ, ఆల్ఫ్రెడ్ మొదటి పెళ్ళాం. ఆ పొట్టామె ఐవీ, మీ డెస్ వాళ్ళ నానమ్మ. ఇంత చిన్న సంగతి మీ సంఘానికి తెలీదా?”

అప్పుడు చెప్పింది మేవిస్, తన తల్లి నోటి వెంట వంద సార్లు విన్న కథ. చందాలు పోగేసింది విన్నీ. గుర్రబ్బండి కట్టుకుని వానలో, ఎండలో ప్రతి పొలానికీ వెళ్ళింది. దగ్గర్లో ఆస్పత్రి లేక పురిట్లో పోయిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి, గొర్రెల ఆసాముల చేత జేబుల్లో చేతులు పెట్టించింది. పునాది వేయించింది. ఆ గోడలు సగం లేచేసరికి ఆమెకే నొప్పులొచ్చాయి. పెద్ద ఊరికి లారీలో తీసుకెళుతుంటే దారిలో పోయింది, బిడ్డా దక్కలేదు. పుట్టింటివాళ్ళు తమ ఊళ్ళోనే పూడ్చుకున్నారు. ఏడాది తిరగకుండా ఆల్ఫ్రెడ్ ఐవీని తెచ్చుకున్నాడు. ఐవీ మంచిదే, ఆమె తప్పేం లేదంది మేవిస్. ఆస్పత్రి తెరిచిన రోజున కమిటీవాళ్ళు మిసెస్ ఎ. కెర్స్‌లేక్‌ని పిలిచారు, మిసెస్ ఎ. కెర్స్‌లేక్ వచ్చింది. పిలుపుకాగితంలో గానీ, పత్రికలో గానీ ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

“వంటింట్లో ప్లేట్లు కూడా మార్చుకోలేదే ఆల్ఫ్రెడ్,” అంటూ మేవిస్ మంచం పక్క అల్మారా చూపించింది. “అందులో నీలం అంచు ప్లేటుంది, తీసి తిప్పి చూడు.”

మిర్రబూలాలో ఏ వేడుకైనా ఆడవాళ్ళు ఇంటికొక ప్లేటు చొప్పున తినేవి చేసుకుని హాలుకి తీసుకెళ్ళాలి. తిరిగి ఎవరి ప్లేటు వాళ్ళకి చేరాలని అడుగున ప్లాస్టరు ముక్క అతికించి పేరు రాస్తారు. పేరంటే మొగుడి పేరే. నెరిడా కాపురానికి వచ్చిన మొదటి వారం అత్తగారు ఆమె పెళ్ళి ప్లేట్లన్నీ బోర్లించి, ‘మిసెస్ డి. కెర్స్‌లేక్’ అని తన చేత్తోనే రాసి అతికించింది. “ఇప్పుడు నువ్వు మనదానివయ్యావు” అంది, మంద గుర్తుగా గొర్రెకు చెవిపోగు వేసినంత తృప్తిగా. నీలం అంచు ప్లేటుకు ప్లాస్టరు లేదు. పొలం గేటుకి వేసే ఆకుపచ్చ రంగుతో, ఎడమకు వాలిన అక్షరాలతో, ఒకటే మాట రాసి ఉంది: విన్నీ.

మేవిస్‌కి నాలుగో ఏట ఆటలమ్మ పోసి తగ్గితే విన్నీ కేకు చేసి ఆ ప్లేటులో పంపిందట. ఖాళీ ప్లేటు తిరిగివ్వకూడదు కదా, మేవిస్ తల్లి ఏదో చేసి ఇద్దామనుకునేలోపే విన్నీ పోయింది. అలా ఆ ప్లేటు తిరిగి వెళ్ళకుండా ఉండిపోయింది.

“ఊళ్ళో ఎవరూ అలా ఉత్తి పేరు రాసేవాళ్ళు కాదే. ఆల్ఫ్రెడ్ కోప్పడ్డాడట, ఇంటిపేరు లేకుండా ఏ విన్నీ అని తెలుస్తుంది అని. విన్నీ ఏమందో తెలుసా?” మేవిస్ పళ్ళు లేని నోటితో నవ్వింది. “తిన్నవాళ్ళకి తెలుస్తుందిలే, అందట.”

ఆ సాయంత్రం మేవిస్‌ని అడిగి తెచ్చుకున్న ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కారులో చాలాసేపు కూర్చుంది నెరిడా. తన ఇంటిపేరు గల స్త్రీలలో ఒకరిని చూసి గర్వపడటం ఆమెకు అదే మొదటిసారి. ఇంటికెళ్ళి డెస్‌కి అంతా చెప్పింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడే గానీ ఆశ్చర్యపోలేదు. అది చూసి ఆమే ఆశ్చర్యపోయింది. వాళ్ళ నాన్న ఒకసారి ఏదో అన్నాడట, ఎప్పుడో. ఇప్పుడు అదంతా తవ్వడం దేనికన్నాడు.

“పేపర్లో ఏముంటే అదే చరిత్ర నెర్. మనం దిద్దకూడదు. మా నానమ్మ ఆస్పత్రి కట్టించిందని ఊరంతా నమ్ముతోంది. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పాత చీటీలే అతికించు. అధ్యక్షుణ్ణి నేను.”

సరే అంది నెరిడా. ఆ మాటకి డెస్‌కి తెలిసిన అర్థం ఒకటే.

స్టేషన్ గదికి వెళ్ళి చీటీల ముందు కూర్చుంది. గోడకెక్కాల్సిన వాటిలో ఆమె ఫోటో కూడా ఒకటుంది, పత్రిక ముక్కతో సహా. గడ్డి మంటలు ఊరి అంచుదాకా వచ్చిన ఏడాదిది. ‘మంటలార్పే వీరులకు శాండ్‌విచ్‌లు అందిస్తున్న మిసెస్ డి. కెర్స్‌లేక్.’ మొహం నిండా మసి, కాలిన కనుబొమలు, చేతిలో ట్రే. శాండ్‌విచ్‌లు అందించే మనిషి కనుబొమలు ఎలా కాలాయని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ రోజు డెస్ గొర్రెల సంతకి వెళ్ళాడు. నీళ్ళ ట్యాంకర్ తోలేవాడు లేక ఆమే ఎక్కింది. పొగలో దారి కనబడక కంచె స్తంభాలను బట్టి బండి నడుపుతూ, చెరువుకీ మంటకీ మధ్య చీకటి పడేదాకా తిరిగింది. దిగి కుళాయి కింద తల పెట్టబోతుంటే ఫోటో తీసేవాడు వచ్చి, ఊరికే నిలబడితే బాగుండదమ్మా, ఇది పట్టుకో అని ట్రే అందించాడు. ఆమె పట్టుకుంది. ఆ తర్వాత డెస్ ఎక్కడ చెప్పినా ‘ఆ రోజు మేం నీళ్ళు తోలాం’ అనే చెప్పాడు. ఆ ‘మేం’లో తాను ఉన్నానులే అని ఆమె సరిపెట్టుకుంది. విన్నీ కూడా ఎక్కడో ఒక ‘మేం’లోనే పోయింది.

నెరిడా పాత చీటీలన్నీ తీసి పక్కన పెట్టింది. అబద్ధం రాయనక్కర్లేదు, దిద్దనూ అక్కర్లేదు, పత్రిక ముక్క ఉన్నచోటే ఉంటుంది. దాని కింద జరిగింది మాత్రం రాయాలి. కొత్త చీటీలు టైపు చేసింది. తర్వాత, అదే చేత్తో, డెస్ ఉపన్యాసం కూడా టైపు చేసింది. ఫోటోలు గోడకెక్కించి, శనివారం తానే తీస్తానని వాటి మీద తెల్ల దుప్పటి కప్పింది.

శనివారం హాలు నిండిపోయింది. బల్ల మీద ప్లేట్లే ప్లేట్లు, స్పాంజి కేకులు, కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకు ముక్కలు, వేడివేడి మాంసం రోల్స్. మేవిస్‌ని చక్రాల కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టారు, ఒళ్ళో నీలం అంచు ప్లేటుతో. నెరిడా దుప్పటి లాగింది. డెస్ గోడకి వీపు పెట్టి, అద్దాలు సవరించుకుని, ఎప్పటిలాగే కాగితం విప్పి ఎప్పటిలాగే గంభీరంగా మొదలుపెట్టాడు. “ఈ ఆస్పత్రికి పునాది వేయించినది విన్నీ. పూర్తి పేరు వినిఫ్రెడ్. ఆస్పత్రి పూర్తయ్యేలోపు, అది లేకే ఆమె పోయింది. తలుపులు తెరిచినది ఐవీ, మా నానమ్మ. పత్రికలో ఇద్దరికీ కలిపి ఒకటే పేరు ఉంది. అది మా తాత పేరు.”

చదివేశాక గానీ ఏం చదివాడో ఆయనకు తలకెక్కలేదు. కాగితం మీంచి తలెత్తి నెరిడాని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. హాలంతా ఎదురుచూస్తోంది, ఆపితే ఎందుకు ఆపాడో చెప్పాలి. గొంతు సవరించుకుని చదువుతూ పోయాడు. వరసలో ఉన్న ఒక్కొక్క మిసెస్ కిందా ఒక్కొక్క పేరు: ఫ్లోరెన్స్, బ్రిడీ, హిల్డా. నెరిడాకి తెలియనివి రెండు మిగిలితే అక్కడ ‘పేరు తెలిసినవారు చెప్పండి’ అని ఉంది. డెస్ అది చదవగానే వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. “మా అమ్మ. క్లారిస్,” అన్నాడు. ఆ ఒక్క మాటతో నెరిడా ఇన్నేళ్ళు దులిపిన దుమ్మంతా సార్థకమైంది.

చివరి ఫోటో దగ్గర డెస్ గొంతు కాస్త తగ్గింది. అయినా నెరిడా పుట్టింటి పేరుతో సహా అందరికీ వినబడింది.

“నెరిడా ఓక్స్. మంటల రోజున ట్యాంకర్ తోలింది ఈమె. ట్రే ఫోటోగ్రాఫరుది.”

ముందు మేవిస్ నవ్వింది. ఆ తర్వాత చప్పట్లు. నెరిడా వాటికి తల వంచలేదు, నవ్వి ఊరుకోలేదు, అబ్బే నేనేం చేశానని అనలేదు. నిటారుగా నిలబడి, తనకు రావాల్సినవి వచ్చాయన్నట్టు, మొత్తం తీసుకుంది. టీ నీళ్ళు మరిగాయని ఎవరో అంటే అలవాటుగా అందరూ ఆమె వైపు చూశారు. ఆమె మేవిస్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

జనం వెళ్ళిపోయాక వంటగదిలో డెస్ ఒక్కడే చొక్కా చేతులు మడిచి ప్లేట్లు కడుగుతున్నాడు. ఎవరూ కడగమనలేదు. ఒక్కొక్క ప్లేటూ తిప్పి అడుగున పేరు చూసి వేరు చేస్తున్నాడు. ఒక ప్లేటు దగ్గర ఆగాడు. ప్లాస్టరు ఊడబెరికిన గుర్తు మీద ఆకుపచ్చ రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. తన షెడ్డులో ఉన్న గేటు రంగే అది.

“నెరిడా అని మాత్రమే రాశావేం?” అన్నాడు, మెల్లగా. “ఇంటిపేరు లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుంది?”

నెరిడా తువ్వాలు అందుకుని ఆ ప్లేటు ఆయన చేతిలోంచి తీసుకుంది.

“తిన్నవాళ్ళకి తెలుస్తుందిలే,” అంది.