గుట్టు బావ కొత్త ఫోను

మా బావమరిది నాకు పెట్టిన పేరు గుట్టు బావ. ల్యాప్‌టాప్ కెమెరా మీద నేను అతికించిన నల్ల స్టిక్కరు చూసిన రోజున పెట్టాడు. నాకు కోపం రాలేదు సరికదా, లోలోపల పొంగిపోయాను. కళ్లద్దాల దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషికి, తన సంగతులు తెలుసుకోవాలని పెద్ద పెద్ద కంపెనీలు తహతహలాడుతున్నాయన్న ఊహ కొంచెం గౌరవంగానే ఉంటుంది.

ఆ గౌరవం నిలబెట్టుకోడానికే కొత్త ఫోను కొన్నాను. కొన్న సాయంత్రమే అందులో కంపెనీ పెట్టిందంతా తుడిచేసి, మన కబుర్లు ఎవరికీ మొయ్యని వేరే సిస్టమ్ ఎక్కించాను. కొందరు ప్రోగ్రామర్లు జీతంనాతం లేకుండా తయారుచేసేది అది. ఫోను మోడలు మరీ కొత్తది కావడంతో దానికి సరిపడే సిస్టమ్ ఇంకా సగమే ఉడికింది. ఆ సగం ఉడికినదాన్ని ముందుగా తిని, ఎక్కడ రాళ్లు తగిలాయో చెప్పే ధైర్యవంతులు కావాలని వాళ్లు అడిగారు. "రోజూ వాడే ఫోనులో దీన్ని పెట్టుకోకండి" అని ఎర్ర అక్షరాల్లో రాశారు కూడా. అది పిరికివాళ్ల కోసం రాసిన మాట అనుకున్నాను. నాకున్నదే ఒక్క ఫోను.

మొదటి వారం వైభవంగా గడిచింది. కెమెరాలో అందరి మొహాలూ ఆకుపచ్చగా వచ్చాయి. అలారం తనకు బుద్ధి పుట్టినప్పుడు మోగింది. ప్రతి లోపాన్నీ నేను శ్రద్ధగా రాసి పంపేవాణ్ణి. అటునుంచి ఉడుత అనే మారుపేరుతో ఒకరు, "చూశాం, నిజమే, థాంక్స్" అని జవాబిచ్చేవారు. ఆ జవాబును పతకంలా మా ఆవిడకు చూపించాను.

"ఇందులో ఏముంది?" అంది.

"నిజమే అన్నారు చూడు."

"ఫోను పనిచెయ్యట్లేదని నేను మొన్ననే చెప్పాను కదా" అని లేచి వెళ్లిపోయింది.

ఇక్కడ కారు సంగతి చెప్పాలి. మా ఆవిడ పనిచేసే లైబ్రరీ ఊరికి అవతలి చివర. బస్సు దిగి బస్సెక్కి వెళ్లాలి. ఒక పాత కారైనా కొనుక్కుందామని చాలాకాలంగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా నేను గొంతు సవరించుకుని, ఈకాలం కార్లు మనం ఎక్కడికెళ్లామో, ఎంతసేపు ఆగామో, ఏ పాటలు విన్నామో కూడా ఎవరెవరికో చేరవేస్తాయని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. అది పూర్తిగా అబద్ధమేం కాదు. కాకపోతే అసలు కారణం వేరే ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ నేను దొంగచాటుగా డ్రైవింగ్ స్కూలుకు వెళ్తున్నాను. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ తప్పుతున్నాను. ముందుకు బాగానే పోతాను. వెనక్కి తియ్యమంటే మాత్రం ఎడమేదో కుడేదో చేతులకు గుర్తుండదు. పాసైన రోజున తాళంచెవి ఆమె చేతిలో పెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అందాకా కంపెనీలను తిట్టుకుంటూ కాలక్షేపం చెయ్యొచ్చు.

రెండో వారంలో సిస్టమ్ కొత్త విడుదల వచ్చింది. కెమెరా బాగుపడింది గాని, చెవి దగ్గరుండే చిన్న స్పీకరు మూగబోయింది. ఎవరు ఫోన్ చేసినా కింది పెద్ద స్పీకర్లోంచే, రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రకటనలా వినపడసాగింది. సౌండు తగ్గిద్దామంటే తగ్గదు. బుద్ధున్నవాడైతే ఆపూటే పాత సిస్టమ్‌కు వెళ్లిపోయేవాడు. నేను మాత్రం, "టెస్టరన్నవాడు వెనక్కి వెళ్లడు" అని బావమరిదితో గొప్పగా అన్నాను. వెనక్కి వెళ్లడం నాకు అసలు చేతకాదని వాడికి అప్పటికింకా తెలియదు.

ఆ శనివారం మా ఆవిడ చదువుకునే అద్దాలు మార్పించుకోడానికి దుకాణానికి వచ్చి, కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. పక్కన ఒక పెద్దాయన ఫ్రేములు ఒకటొకటే పెట్టుకుని నిలువుటద్దంలో చూసుకుంటున్నాడు. నేను ఆమె ఫ్రేముకు స్క్రూ బిగిస్తుండగా జేబులో ఫోను మోగింది. నంబరు చూశాను. కట్ చెయ్యబోయి కంగారులో ఎత్తేశాను.

"సార్, డ్రైవింగ్ స్కూల్ మాస్టర్‌ని" అంటూ ఫోను దుకాణమంతటికీ పరిచయం చేసుకుంది.

అలవాటు కొద్దీ చెవికి నొక్కుకున్నాను. చెవి దిబ్బడ వేసింది గాని గొంతు తగ్గలేదు.

"సోమవారం పరీక్షకి రావద్దు సార్. ఆఫీసరుగారు మీ పేరు చూడగానే వెళ్లి ట్రాక్ మీద పెట్టిన కోన్లన్నీ గోడ పక్కకి సర్దుకుంటున్నారు."

"తర్వాత మాట్లాడతాను" అని గొణిగాను.

"వినపడట్లేదు సార్, గట్టిగా చెప్పండి."

కట్ చేద్దామంటే తెర నల్లగా ఉంది. చెవి దగ్గరికి తెస్తే ఆరిపోవడం దాని ధర్మమే. దూరంగా తీసినా వెలగకపోవడం మాత్రం కొత్త లోపం. పరువు పోతున్న ఆ క్షణంలో కూడా, ఇది ఉడుతకు రాయాలి అనిపించింది నా సిగ్గులేని బుర్రకు. పక్కనున్న మీట నొక్కాను. లాభం లేదు. అద్దాలు తుడిచే గుడ్డలో చుట్టాను. సొరుగులో పడేసి మూశాను. సొరుగులోంచి మాస్టరు చెబుతూనే ఉన్నాడు.

"ముందుకు పోవడంలో మీకు వంక పెట్టేవాడు లేడు సార్. వెనక్కి తీస్తేనే వస్తుంది చిక్కు. మా స్కూలు పేరు కూడా చూసుకోవాలి కదా. మేడమ్‌గారికి తెలీదన్నారు, ఇంకో నెల అలాగే తెలీకుండా లాగించండి."

ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. నా గుట్టు మాత్రం కళ్లద్దాల దుకాణానికి వినోదమైంది. పెద్దాయన అద్దంలోంచే నన్ను చూశాడు. మా ఓనరుగారు బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు, అక్కడ కాగితాలేవీ లేకపోయినా.

మా ఆవిడ చెయ్యి చాచింది. "స్క్రూ బిగిసిందా?"

"బిగిసింది."

అద్దాలు పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. "ఇప్పుడు బాగా కనబడుతున్నారు" అంది.

ఇద్దరం కలిసి ఇంటికి వచ్చాం. మెట్ల దగ్గర ఆగింది.

"పరీక్ష తప్పినందుకు నాకేం లేదండీ. కారు మన మీద కన్నేస్తుందని ఇన్నాళ్లూ చెప్పారే, అదీ బాధ. వాన్లో బస్సు కోసం నిలబడినప్పుడల్లా, పోనీలే, ఎవరికీ తెలియకుండా తడుస్తున్నాను కదా అని సరిపెట్టుకున్నాను."

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"ఆశ్చర్యపరిచారు."

మర్నాడు పొద్దున ఉడుతకు లోపం గురించి రాశాను. అది ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమన్నారు, అప్పుడే తామూ మళ్లీ జరిపించి చూడగలరట. గుడ్డ, సొరుగు, మేడమ్‌గారు, ఏదీ దాచకుండా చెప్పాను. ఈసారి జవాబు పొడుగ్గా వచ్చింది. "మీ గుట్టు కాపాడతామని చెప్పి, మేమే దాన్ని సొరుగులోంచి కూడా వినిపించాం. తప్పు మాది. మిగతా పనులన్నీ ఆపి ముందు దీన్ని సరిచేస్తున్నాం. మమ్మల్ని క్షమించమని మేడమ్‌గారికి చెప్పండి."

మా ఆవిడకు చూపించాను. నిదానంగా చదివింది.

"ఈ ఉడుత ఎవరో గాని, క్షమించమని అడగడం తెలుసు" అంది.

నా బుర్ర మరీ పూర్తిగా అరిగిపోలేదు. ఆ మాట ఎందుకందో అర్థమై, నేనూ అడిగాను. చాలా ఆలస్యమైందని ఆమె అనలేదు. డ్రైవింగ్ స్కూలు ఎక్కడని మాత్రం అడిగింది.

అదే మాస్టరు దగ్గర చేరి, మొదటిసారికే పాసైంది. తన జీతంతోనే ఒక పాత కారు కొంది. కిటికీలు చేత్తో తిప్పుకుంటే గాని దిగవు. బావమరిది వచ్చి దాని చుట్టూ తిరిగి చూసి, "బావా, ఇది నీకు సరైన కారు. ఎవరికీ ఏమీ చెప్పదు. దీనికి హారన్ కూడా రాదు" అన్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం మార్కెట్ వెనకున్న ఖాళీ స్థలానికి నన్ను తీసుకెళ్లింది. ఇంజను ఆపకుండానే దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీసింది.

"అటు జరగండి."

"ఎవరైనా చూస్తారేమో."

"చూస్తే చూస్తారు."

జరిగాను. వెనక్కి తీశాను. ఏదో దొర్లిన చప్పుడైంది. ఆమె దిగి వెళ్లి, నేను పడేసిన చెత్తడబ్బాను లేపి మళ్లీ అక్కడే నిలబెట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఊఁ, మళ్లీ తియ్యండి" అంది.